రామగిరి పసిడికి ఎంత పెద్ద బాండ్లి కావాలి?

పుట్టపర్తి: బంగారం ధర పెరిగినప్పుడల్లా ఈ జిల్లాలో రామగిరి పేరు మళ్ళీ చర్చకు వస్తుంది. 2025లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటింది. ధర్మవరానికి పడమటి పక్కన వున్న ఆ కొండల కింద పసిడి వున్న సంగతి కొత్తది కాదు. కొత్తగా వినవచ్చే ప్రశ్న వేరు. వాగు ఇసుకను చేతితో గాలించి చూడదలచినవానికి చిన్న పళ్ళెం చాలదు, పెద్దది కావాలి. పరదేశాల నుంచి తెప్పించుకుంటే వేల రూపాయలు అవుతుంది. మరి చవకలో ఆ పెద్ద పళ్ళెం ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న చిన్నదిగా కనిపించినా, దీని వెనుక ఒక బీద కుటుంబం పెట్టుబడి, కష్టం, ఒక్కొక్కప్పుడు జైలు భయం కూడా వున్నాయి. కనుక పళ్ళెం సంగతి ముందుగా చూసి, తక్కినవి తరువాత చూడడం మంచిది.

పళ్ళెం ఈ జిల్లాలోనే వున్నది. తాపీ మేస్త్రీలు సిమెంటు మోయించే ఇనుప బాండ్లి ధర్మవరం, హిందూపురం, కదిరి బజార్లలో కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. దాని వెడల్పు అడుగున్నర లోపు. అంతకన్న పెద్దది కావాలంటే మిఠాయి దుకాణాలవారు జిలేబీ వేసే బాణలి వున్నది. అవి రెండడుగులు, ఆపైన కూడా వుంటాయి. కొనవలసిన పని కూడా లేదు. పెళ్ళి వంట సామాన్లు అద్దెకిచ్చే దుకాణంలో ఒక రోజుకు తెచ్చుకుని, పనికి వస్తుందో రాదో చూసిన తరువాతనే పాత ఇనుప సామాన్ల అంగడిలో ఒకటి బేరమాడవచ్చు.

బాణలి అడుగు గుండ్రంగా వుండడం లోపమేమీ కాదు. దక్షిణ అమెరికాలో పసిడి గాలించేవారు వాడే కొయ్య పళ్ళెం కూడా లోతు తక్కువగా, నడిమికి జారే ఆకారంలోనే వుంటుంది. బరువైనది మధ్యకు చేరుతుంది. అయితే వాడిన బాణలికి నూనె జిడ్డు పట్టి వుంటుంది. జిడ్డు వున్నచోట సన్నని పసిడి పొడి నీటిమీద తేలి పోతుంది. కనుక బాణలిని బోర్లించి, కట్టెల మంటలో నీలినలుపు తిరిగేదాకా కాల్చాలి. దీనివల్ల రెండు లాభాలు: జిడ్డు పోతుంది, నల్లని అడుగుమీద పసుపు నలుసు కంటికి ఆనుతుంది. తళతళలాడే స్టీలు పళ్ళెంలో ఈ సౌకర్యం లేదు. ఇనుముకు ఒక చిక్కు మాత్రం వున్నది. చివర మిగిలే నల్ల ఇసుకలో ఇనుప ఖనిజం పాలు ఎక్కువ. దానిని అయస్కాంతంతో తీసివేయాలంటే ఇనుప పళ్ళెంలో వీలుకాదు. ఆ చివరి పిడికెడు ఇసుకను ఒక ప్లాస్టిక్ పళ్ళెంలోకి మార్చుకోవాలి.

గాలించే చేతులు

పని తెలియదన్న బెంగ అక్కరలేదు. బియ్యంలో రాళ్ళు పోవడానికి ఇంట్లో ఆడవారు గాలించే పద్ధతే ఇది. నీళ్ళు పోసి కుదిపితే బరువైన రాయి కిందికి దిగుతుంది. తేలికైన బియ్యాన్ని పైనుంచి ఒంచుకుంటారు. అక్కడ అడుగున మిగిలినది పారబోస్తారు, ఇక్కడ పైన వున్నది పారబోస్తారు. తేడా అంతే. నీటికన్న మామూలు తెల్ల రాయి సుమారు రెండు ముప్పాతిక రెట్లు బరువు. నల్ల ఇసుక అయిదు రెట్లు. బంగారం 19 రెట్లకు పైన. ఈ వ్యత్యాసం మీదనే ఈ విద్య అంతా ఆధారపడి వున్నది.

పెద్ద బాణలితో వచ్చే లాభం ఎంత? పదహారు అంగుళాల పళ్ళెంలో ఎనిమిది, తొమ్మిది కిలోల ఇసుక పడుతుంది. ఇరవైనాలుగు అంగుళాలదయితే, లోతు అదే అనుకున్నా, రెండింతలకు పైన, అంటే ఇరవై కిలోల వరకు పడుతుంది. నీటితో కలిపి ముప్పై కిలోలు. దానిని చేతులమీద ఎత్తి కుదపడం మనిషివల్ల కాదు. మడుగులో సగం మునిగేటట్లు పెట్టి తిప్పాలి, లేదా ఉట్టివలె మూడు తాళ్ళతో వేలాడదీసి ఊపాలి. అంతపెద్ద పళ్ళెంలో చివరిదాకా కడిగితే సన్నని పొడి జారిపోతుంది. పెద్దది మోటు పనికి, చిన్నది చివరి పనికి. రెండూ కావాలి.

ఇక లెక్క. వాగు ఇసుకలో టన్నుకు పదో వంతు గ్రాము పసిడి వున్నదనుకుందాము. ఇది అనుకోవడమే గాని ఏ వాగునూ పరీక్షించి చెప్పిన మాట కాదు. ఇరవై కిలోల బాణలికి రెండు మిల్లీగ్రాములు వస్తుంది. ఆవగింజలో చిన్న తునకకు మించదు. పది గ్రాములు లక్ష చొప్పున దాని విలువ ఇరవై రూపాయలు. రోజుకు యాభై బాణలులు కడిగితే, అంటే ఒక టన్ను ఇసుక తవ్వి, మోసి, గాలిస్తే, వెయ్యి రూపాయలు. సగం చేజారుతుందనుకుంటే అయిదువందలు. ఇద్దరు మనుషులు లేనిదే ఈ పని సాగదు. దినకూలికి పోయినవానికి ఇంతకన్న తక్కువేమీ రాదు. పైగా కూలి డబ్బు సాయంత్రానికి చేతిలో వుంటుంది.

నీటి మాట

అన్నిటికన్న గట్టి అడ్డంకి బాణలి కాదు, నీరు. అనంతపురం పీఠభూమిలో ఏటా పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. తాగునీటికే 1990లలో ప్రత్యేక పథకం కావలసి వచ్చిన ప్రాంతమిది. పుట్టపర్తి పక్కన చిత్రావతి ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక మేటగానే కనిపిస్తుంది. రామగిరి మండలంలోనే పేరూరు వద్ద ఎగువ పెన్నార్ జలాశయం వున్నా, అది ఏళ్ళ తరబడి ఎండిపోయి వుండిన సంగతి రైతులందరికీ తెలుసు. తాగే నీటితో ఇసుక కడగడం ఇక్కడ ఏ ఊరూ ఒప్పే పని కాదు. ఒక తొట్టిలో నీరు నింపుకొని, మడ్డి పేరుకోనిచ్చి, అదే నీటిని తిరిగి తిరిగి వాడుకోవచ్చు. బురద ఎక్కువయితే సన్నని పొడి దిగదు. కనుక ఒకటికి రెండు తొట్లు కావాలి.

నీరు లేనిచోట పసిడి తీసినవారు లేకపోలేదు. పడమటి ఆస్ట్రేలియాలోని కూల్‌గార్డీలో 1892లో బంగారం బయటపడినప్పుడు అక్కడి ఎడారిలో కడగడానికి నీరు లేదు. వారు రెండు పళ్ళేలు తీసుకుని, ఒకదానిని ఎత్తి పట్టి, గాలికి ఎదురుగా ఎండు మట్టిని కింది పళ్ళెంలోకి పోసేవారు. దుమ్ము ఎగిరిపోయేది, బరువు కింద పడేది. మన కళ్ళాలలో వేరుశనగను తూర్పారబట్టడం తెలిసిన రైతుకు దీనిని వేరుగా నేర్పనక్కరలేదు. కింద పెట్టే పళ్ళెం ఎంత వెడల్పయితే అంత మంచిది. పెద్ద బాణలి అసలు ఉపయోగం బహుశా ఇక్కడనే. రామగిరి కొండలమీద గాలిమరలు పెట్టినారంటే గాలికి కొదవ లేదని వేరే చెప్పాలా? అయితే తెల్ల రాతి పొడిని పీల్చడం మెల్లగా ఊపిరితిత్తులను తినివేసే వ్యవహారం. గని కార్మికులకు వచ్చే సిలికోసిస్ ఇటువంటి దుమ్మువల్ల వచ్చేదే. ముక్కుకు గుడ్డ కట్టుకున్నంత మాత్రాన అది ఆగదు.

పసిడి వున్నది రాతిలో

రామగిరి ప్రాంతపు పసిడి ముఖ్యంగా రాతిలోని తెల్ల పలుగు నాళాలలో వున్నది. పూర్వకాలపువారు తవ్విన గోతులు అక్కడ వున్నాయి. ఇరవయ్యో శతాబ్దపు మొదటి దశకాలలో ఆంగ్ల కంపెనీలు గనులు నడిపి, 1927 ప్రాంతంలో మూసివేసినవి. చాలాకాలానికి ప్రభుత్వ రంగంలోని భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఎప్పమాన గనిలో పని చేయించింది. 2001లో కోలారుతో పాటు ఆ సంస్థ మూతపడడంతో ఇక్కడి పనీ ఆగింది. రాతిలో చిక్కుకున్న పసిడికి బాణలి ఏమీ చేయలేదు. రాయిని పిండిగా కొట్టాలి. అప్పటికీ కొంత పసిడి గంధక ఖనిజాలలో దాగి వుండిపోతుంది. పాదరసం వేసి పట్టేవారున్నారు. ఆ ముద్దను ఇంటి పొయ్యిమీద కాల్చితే వచ్చే ఆవిరి పసిపిల్లలకు, గర్భిణులకు చేసే హాని మాటలలో చెప్పలేనిది. కోలారు గనుల పక్కన సైనైడుతో శుద్ధి చేసిన మట్టి దిబ్బలు నేటికీ గాలికి లేస్తున్నాయి.

ఇంతకీ బాణలి దేనికి పనికివస్తుంది? జాడ తీయడానికి. 1802లో తూర్పు మైసూరు సరిహద్దు సర్వే చేస్తూ వచ్చిన జాన్ వారెన్ అనే అధికారి, పసిడి చూపినవారికి బహుమతి అని ప్రకటిస్తే, కోలారు ప్రాంతపు గ్రామస్థులు బండ్లమీద మట్టి తెచ్చి అతని ఎదుటనే కడిగి చూపినారు. ఆ మట్టిలో కనిపించిన నలుసులే తరువాత మూడు కిలోమీటర్ల లోతుకు దిగిన గనులకు మొదటి సాక్ష్యం. జాడ చూపినవారు గనికి యజమానులు కాలేదు. వారి మనుమలు ఆ గనులలో కూలికి దిగివుండవచ్చు.

ఇవాళ జాడ తీయడానికి కూడా చట్టం అడ్డు వున్నది. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే అన్వేషణ గాని, తవ్వకం గాని చేయరాదు. 2015లో సవరించిన తరువాత అతిక్రమణకు అయిదేళ్ళ వరకు జైలు, హెక్టారుకు అయిదు లక్షల రూపాయల వరకు జరిమానా వున్నాయి. పళ్ళెం వెడల్పును బట్టి శిక్ష మారదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో కొద్ది రుసుముకు పదేళ్ళు చెల్లే అనుమతి పత్రం కొనుక్కుని సామాన్యుడు తన పళ్ళెంతో వాగులో కూర్చోవచ్చు. ఇక్కడ 2023లో బంగారం వంటి లోతు ఖనిజాలకు కొత్తగా అన్వేషణ లైసెన్సు పెట్టినా, అది వేలంలో కంపెనీలు పాడుకునేదే.

బజారులో మాత్రం చట్టానికి ఎడంగా పాత గాలింపు విద్య బ్రతికే వున్నది. బంగారు పనివారి దుకాణాల ఊడ్పు మట్టిని, మురికి కాలువల బురదను కడిగి పొడి తీసేవారిని పూర్వం జలగడుగువారు అనేవారు. ప్రొద్దుటూరు వంటి బంగారు అంగళ్ళ ఊళ్ళలో ఇది తెలిసిన పనే. అక్కడ పసిడి రాతిలో చిక్కుకుని లేదు, ఆకురాయి రాల్చిన పొడిగా వున్నది. కనుక అదే బాణలి అక్కడ కూలి గిట్టిస్తుంది. పాదరసం, ఆమ్లాల ప్రమాదం అక్కడా తప్పదు.

రామగిరి, బొక్సంపల్లి, జవాకుల పేర్లతో ఈ ప్రాంతపు పసిడి బ్లాకులను వేలం వేసే విషయం ఇటీవలి సంవత్సరాలలో పత్రికలకెక్కింది. కర్నూలు జిల్లా జొన్నగిరిలో ఒక ప్రైవేటు కంపెనీకి 2013లోనే లీజు మంజూరయింది. ఇక్కడా గని వస్తే ఊరివారికి ఏమి వస్తుంది? బంగారంపై ప్రభుత్వానికి చెల్లవలసిన రాయల్టీ నూటికి నాలుగు. వేలంలో పొందిన లీజుదారు ఆ రాయల్టీలో పదో వంతును జిల్లా ఖనిజ నిధికి కట్టాలి. పది గ్రాములు లక్ష అనుకుంటే రాయల్టీ నాలుగువేలు, జిల్లా నిధికి నాలుగువందలు. ఆ నాలుగువందలలో రామగిరి మండలానికి వచ్చేది ఎంత, గనికి కావలసిన నీరు పేరూరు నుంచా, బోర్ల నుంచా అన్న రెండు ప్రశ్నలు గ్రామసభలలో వేలానికి ముందే అడగవలసినవి.