బొజ్జన్నకొండకు కొలతలున్నాయి, మన రాళ్లకేవి?

అనకాపల్లి పక్కన శంకరంలో బొజ్జన్నకొండ ఉంది. నూరేళ్ల కిందటే అలెగ్జాండర్ రే తవ్వించి ఎక్కించాడు లెక్కలోకి. మంచిదే. అదే జిల్లాలో నాతవరం, గొలుగొండ, రావికమతం కొండల్లో ఉన్న మన పెద్దల సమాధి రాళ్లు, దేవత రాళ్లు ఎవరి లెక్కలో ఉన్నాయి? లేటరైట్ కోసం పొక్లెయిన్ వచ్చి, "ఇక్కడేమీ లేదు" అని కాగితం రాసేస్తే మీరేం చూపిస్తారు?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రీల్స్ తీసే ఫోన్ చాలు. రాయి చుట్టూ తిరుగుతూ యాభై అరవై ఫోటోలు తియ్యండి. ఒక ఫోటోలో పడినదాంట్లో ముప్పాతిక వంతు తర్వాతి దాంట్లోనూ పడాలి. పక్కన కొలతకర్ర పెట్టండి, అది లేకపోతే రూపం వస్తుంది గానీ సైజు తెలీదు. కోల్‌మ్యాప్, మెష్‌రూమ్ ఆ ఫోటోలను కలిపి త్రీడీ రూపం కడతాయి. పడిపోయిన రాయిని బ్లెండర్‌లో లేపి నిలబెట్టొచ్చు. కానీ అది వేరే ఫైలు, పెద్దలు చెప్పినదాన్ని బట్టి నిలబెట్టామని రాసి ఉంచాలి. ఉన్నదీ ఊహించిందీ కలిపేస్తే ఆఫీసరుకు సాకు మనమే ఇచ్చినట్టు.

"ఫ్రీ యాప్‌లు బోలెడున్నాయి కదా" అంటారు. ఫ్రీ వేరు, ఓపెన్ సోర్స్ వేరు. ఆ యాప్‌లు చాలావరకు ఫోటోలను వాళ్ల సర్వర్‌కి లాక్కుంటాయి. రేపు డబ్బు కట్టమంటే మన తాతల రాళ్లు వాళ్ల తాళం లోపల. నేను చెప్పేవి మన కంప్యూటర్లోనే, నెట్ లేకుండా నడుస్తాయి. మెష్‌రూమ్‌కి ఎన్విడియా కార్డు కావాలి, నిజమే. మండలానికి ఒకటి చందాలేసి కొందాం, డీజేలకి వేసుకోవట్లేదా!

కోడ్ ఓపెన్ అని దేవుడి చోటు ఓపెన్ చెయ్యకండి. లొకేషన్ నెట్‌లో పెడితే ముందొచ్చేది గుప్తనిధుల దొంగలే.

అటవీ హక్కుల నిబంధనల్లో 13వది చదవండి. బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు సాక్ష్యం. పెద్దల వాంగ్మూలమూ సాక్ష్యమే. ఒకటి కంటే ఎక్కువ సాక్ష్యాలు చూడాలనీ ఉంది. మనూళ్లు ఐదో షెడ్యూల్లో లేకపోయినా ఈ చట్టం వర్తిస్తుంది. శాటిలైట్ బొమ్మలో కనపళ్లేదని క్లెయిమ్ కొట్టేసేవాళ్లకి 2012 సవరణ చూపించండి: టెక్నాలజీ మిగతా సాక్ష్యాలకు తోడే గానీ బదులు కాదు. మన త్రీడీకీ అంతే. అందుకే ఫైలుతో పాటు ముసలమ్మ మాట, గ్రామసభ తీర్మానం ఉండాలి.

తుప్పలు ఎండే రోజుల్లో మొదలుపెట్టండి, రాళ్లు బాగా కనపడతాయి. ముందు పెద్దల్ని అడగండి. వాళ్లు వద్దన్న రాయి జోలికి పోవద్దు.