మమ్మల్ని చదివినోళ్లకి డిగ్రీలొచ్చాయి, మాకేటొచ్చింది?

అనంతగిరి కొండల్లో పుట్టినవాళ్లకి యూనివర్సిటీ రెండు రకాలుగా తెలుసు. ఒకటి, ఘాట్‌రోడ్డు దిగి మన పిల్లలు పోవాల్సిన చోటు. రెండోది, నోటుపుస్తకాలు పట్టుకుని ఘాట్‌రోడ్డెక్కి మన ఊళ్లోకొచ్చేది. మొదటిదాని గుమ్మం దాటాలంటే కులం సర్టిఫికెట్టు, ఆదాయం సర్టిఫికెట్టు, ఆధార్, ఫోనుకొచ్చే ఓటీపీ, అన్నీ చూపించాలి. రెండోది మన గుమ్మం దాటడానికి ఒక్క కాగితమూ చూపించదు. నేరుగా వచ్చి అరుగు మీద కూర్చుని "మీలో పెళ్లిళ్లు ఎలా జరుగుతాయి?" అని అడుగుతుంది.

మాకు చదువు మీద కోపం లేదు. చదువు మీద కోపగించుకునే స్తోమత మనకెక్కడిది? ఆ చదువుల్లో మనల్ని ఎక్కడ కూర్చోబెట్టారన్నదే ప్రశ్న. మూడు డిపార్టుమెంట్లు తీసుకుందాం. ఆంత్రోపాలజీ, బిజినెస్, కంప్యూటర్. ఒకటి మనిషిని చదివేది, ఒకటి సరుకును చదివేది, ఒకటి లెక్కను చదివేది. మూడింటికీ మన కొండతో పనుంది. మూడింట్లోనూ మనం బల్ల మీద ఉన్నాం గానీ బెంచీ మీద లేం.

ముందు ఆంత్రోపాలజీ. తెలుగులో మానవశాస్త్రం. పేరు గొప్పది. మానవులంతా అందులోకి రావాలి కదా? మరి ఫీల్డ్‌వర్క్ క్యాంపు ఎప్పుడూ కొండదొరల ఊళ్లో, పోర్జల ఊళ్లో, గదబల ఊళ్లోనే ఎందుకు పడుతుంది? అగ్రహారంలో ఎందుకు పడదు? కోస్తా మోతుబరి లోగిట్లో కూర్చుని కట్నం ఎంత తీసుకున్నారో, మేనరికం ఎందుకు చేసుకున్నారో, పొలం ఎవరి పేరున బినామీ పెట్టారో రాసుకోరేం? వాళ్లది "సమాజం", మనది "సంస్కృతి". వాళ్లకి సమస్యలుంటాయి, మనకి ఆచారాలుంటాయి. ఆకలితో అడవి దుంపలు తవ్వుకుంటే అది "ఆహారపు అలవాటు" అయిపోతుంది!

ఈ శాస్త్రం పుట్టుకలోనే ఈ వంకర ఉంది. 1909లో మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాల మీదా తెగల మీదా ఏడు సంపుటాలు అచ్చేశాడు. తలలు కొలిచాడు, ముక్కులు కొలిచాడు. ముక్కు కొలతకీ కులం మెట్టుకీ ముడిపెట్టే పని ఆ రోజుల్లో శాస్త్రంగా చెలామణి అయింది. ఇప్పుడు ముక్కు కొలవడం లేదు. చుట్టరికాల పటం గీస్తున్నారు, ఇటుకల పండగ ఫొటో తీస్తున్నారు, దింసా ఆడించి వీడియో తీస్తున్నారు. పేపరు రాస్తారు, మార్కులొస్తాయి, డిగ్రీ వస్తుంది, కొందరికి లెక్చరర్ ఉద్యోగమూ వస్తుంది. రాసిన పేపరు మాత్రం ఊరికి తిరిగి రాదు. మన తాత చెప్పిన మాట ఇంగ్లీషులో ఏ బీరువాలో ఉందో మన గుంటలకి తెలీదు. అరకులో గిరిజన మ్యూజియం ఉంది, చూసే ఉంటారు. టికెట్టు కొనుక్కుని లోపలికెళ్తే మన అమ్మలూ అయ్యలూ బొమ్మలై నిలబడుంటారు. బతికున్నవాళ్లు బయట రోడ్డు పక్కన బొంగు చికెన్ అమ్ముకుంటుంటారు.

ఈ పత్రిక చదివే మైదానం మాల, మాదిగ సోదరులు "ఇది ఆదివాసీల గొడవ కదా" అనుకోవచ్చు. కాదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు. మనవాళ్లని నరికినాక మన వాడల్లోకి కూడా ప్రశ్నల కాగితాలు పట్టుకుని వచ్చారు. ఆ శవాల మీద రాసిన పేపర్లు సెమినార్లలో చదివారు. వాడకీ గూడేనికీ దక్కిన మర్యాద ఒక్కటే.

అందరూ అలాంటోళ్లేనా అంటే కాదు. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీంను చంపేశాక నిజాం సర్కారు క్రిస్టాఫ్ ఫ్యూరర్ హైమండార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుడిని ఆదిలాబాద్ గోండుల దగ్గరికి పంపింది. ఆయన పండగలు రాసుకుని ఊరుకోలేదు. గోండుల భూములు ఎవరి చేతుల్లోకి ఎలా పోయాయో రాశాడు. మార్లవాయిలో గోండు యువకులకి టీచరు ట్రైనింగు కేంద్రం పెట్టించాడు, గోండీలో వాచకాలు తయారు చేయించాడు. తుపాకీ పేలితే గానీ సర్కారుకి ఆ బుద్ధి పుట్టలేదన్నది వేరే సంగతి. కానీ మనిషిని చదివేవాడు మనిషి భూమిని కూడా చదవగలడని దానివల్ల తేలింది. అక్కడి నుంచి మనవాళ్లు అడగాల్సింది ఒక్కటే: మా పెళ్లిళ్ల గురించి అడిగేవాడివి, మా పట్టాల గురించి ఎందుకడగవు?

ఇక బిజినెస్ చదువు. ఇక్కడ మా అసలు గొడవ ఉంది. ఎంబిఏ చదివే కుర్రాళ్లు వనరు, పెట్టుబడి, లీజు, బ్రాండు అని పాఠాలు చదువుతారు. ఎక్కడో అమెరికా కంపెనీ ఎలా బాగుపడిందో, ఎలా దివాళా తీసిందో కథలు కథలుగా చదువుతారు. విశాఖలో 2015 నుంచి ఐఐఎం కూడా ఉంది. అక్కడి నుంచి అనంతగిరి ఎంత దూరం? ఒక్కపూట ప్రయాణం. ఈ దేశంలో భూమికీ వ్యాపారానికీ మధ్య గీత గీసిన తీర్పు పుట్టింది ఈ అనంతగిరి మండలంలోనే.

బొర్రా చుట్టుపక్కల ఊళ్లలో గనుల లీజులు ప్రభుత్వం ప్రైవేటు వాళ్లకి రాసిచ్చింది. అది షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 రెగ్యులేషన్, దాని 1970 సవరణ ప్రకారం అక్కడ భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదు. "ఆ మాట ప్రైవేటు వాళ్లకి గానీ సర్కారుకి కాదు" అన్నారు ఏలినవారు. సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో నెగ్గలేదు. సుప్రీంకోర్టుకి పోయింది. 1997 జూలై 11న తీర్పొచ్చింది. చట్టం చెప్పిన "వ్యక్తి"లో ప్రభుత్వం కూడా ఉంది, కాబట్టి ఆదివాసీ భూమిని గిరిజనేతరులకి లీజుకిచ్చే అధికారం ప్రభుత్వానికీ లేదు అని. గని తవ్వి సంపాదించిన లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతం నీళ్లకీ బడికీ ఆసుపత్రికీ రోడ్డుకీ పెట్టాలని కూడా అంది. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు అటు, ఒకరు ఇటు. తీర్పు రాసిన జస్టిస్ కె.రామస్వామి మన దళిత బిడ్డ. దళితుడి కలం ఆదివాసీ భూమికి కంచె వేసింది. ఈ సంగతి మన మీటింగుల్లోనే సరిగా చెప్పుకోవడం లేదు, ఇక ఎంబిఏ క్లాసుల సంగతేం చెప్పాలి!

మేం ప్రొఫెసర్లని అడుగుతున్నాం: మీ సిలబస్‌లో సమత తీర్పు ఎన్నో పాఠం? ఎన్ని మార్కులు? అది చదవని కుర్రాడు రేపు కంపెనీ మేనేజరై ఈ కొండెక్కుతాడు. 2005లో గాలికొండ, రక్తకొండ బాక్సైట్ కోసం ఒప్పందాలు రాసుకున్నవాళ్లు పెద్ద చదువులు చదవనోళ్లా? ఇప్పుడు పంప్డ్ స్టోరేజీ కరెంటు ప్రాజెక్టులంటూ మన గెడ్డల మీదికి వస్తున్నవాళ్లు లెక్కలు రానోళ్లా? వాళ్ల లెక్కల పుస్తకంలో మనం ఒక ఖర్చు పద్దు. "పునరావాసం" అని రాసి పక్కన అంకె వేస్తారు.

కాఫీ సంగతి చూడండి. 2017లో పారిస్‌లో అరకు పేరు మీద కాఫీ కొట్టు తెరిచారు. 2019లో అరకు అరబికాకి జిఐ గుర్తింపు వచ్చింది. సంతోషమే. సావుకార్ల తూకం నుంచి కాపాడతామని 1956లో జిసిసి పుట్టింది, దానివల్ల కొంత మేలు జరగలేదని మేం అనం. కానీ సిల్వర్ ఓక్ నీడలో వంగి ఆరు కిలోల పళ్లు కోసి, గుజ్జు తీసి, కడిగి, ఎండబెడితే చివరికి మిగిలేది కిలో గింజ. దాన్ని వేయించి, పొట్లం కట్టి, పేరు పెట్టాకే అసలు డబ్బు పుడుతుంది. దీన్నే బిజినెస్ పుస్తకం "విలువ గొలుసు" అంటుందట. గొలుసు ఒక కొస మన చేతిలో ఉంది. విలువంతా రెండో కొసన ఉంది. ఆ రెండో కొసన కూర్చునేవాడు మన కొండవాడెందుకు కాకూడదు? ఎంబిఏ మనకి కావాల్సింది అందుకు. టై కట్టుకుని వేరేవాడి సబ్బులు అమ్మడానికి కాదు.

కంప్యూటర్ చదువుకొద్దాం. "కంప్యూటర్‌కి కులం లేదు" అనేది ఇప్పుడు కొత్త మంత్రం. సరే, కంప్యూటర్‌కి లేదు. దాని ముందు కూర్చునేవాడికి? దానిలోకి ఏ భాష ఎక్కించాలో నిర్ణయించేవాడికి? సవరల కోసం మంగేయి గొమాంగో 1936లో ఒక లిపి తయారుచేశాడు. దానికి కంప్యూటర్ అక్షరాల పట్టికలో చోటు దొరికింది 2012లో. 76 ఏళ్లు! కువి, ఆదివాసీ ఒడియా లాంటి ఎనిమిది గిరిజన భాషల్లో 2000ల మొదట్లో మన రాష్ట్రంలోనే బడి వాచకాలొచ్చాయి. అవి కంప్యూటర్ వాళ్ల చేతికి అందితే మన భాషలు ఫోనులో పలికేవి. అడిగినవాడు లేడు. ఎందుకంటే ఆ క్లాసులో కువి మాట్లాడే గుంటడు లేడు.

కానీ మన మీద కంప్యూటర్ వాడటం మాత్రం మానలేదు. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనికి ఫోన్ యాప్‌లోనే హాజరన్నారు. సిగ్నల్ లేని మెట్ట మీద రెండుపూటలా ఫొటో తీసి ఎక్కించాలట. ఎక్కకపోతే కూలి పోయినట్టే. గర్భిణిని డోలీలో మోసుకొచ్చే ఊరికి రోడ్డు రాకముందే యాప్ వచ్చింది. దాన్ని తయారుచేసినవాడు చెడ్డవాడు కాకపోవచ్చు. వాడికి డోలీ అంటే ఏటో తెలీదు, అంతే. వాడి కోర్సులో ఆ పాఠం లేదు. ఇప్పుడేమో మాట్లాడే యంత్రాలకి మన పాటలూ మాటలూ కావాలంటున్నారు. ఒకప్పుడు టేప్‌రికార్డర్ పెట్టి పట్టుకుపోయారు, ఇప్పుడు ఫోన్ పెట్టి పట్టుకుపోతారు. మాటకి కూలెంత, ఆ పాట ఎవరి సొత్తు అని ఇప్పుడే తేల్చుకోవాలి.

మనవాళ్లలో ఒక వాదం ఉంది. "ఈ ఆంత్రోపాలజీ మనకెందుకు, ఉద్యోగాలొచ్చే కంప్యూటరో ఎంబిఏనో చదివించండి" అని. తల్లిదండ్రుల ఆత్రం మాకు తెలుసు. ఏజెన్సీ టీచరు పోస్టులు నూరు శాతం స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేశాక, టీచరు ఉద్యోగం అనే మెట్టు కూడా ఊగిపోయింది. అయినా ఆ వాదం మేం ఒప్పుకోం. బాబాసాహెబ్ ఏం చేశాడో చూడండి. కొలంబియాలో 1915లో ఎంఏ కోసం రాసింది ప్రాచీన భారత వర్తకం మీద. 1916 మే 9న ఆంత్రోపాలజీ సెమినార్‌లో చదివింది కులాల మీద పేపరు. 1923లో లండన్‌లో రూపాయి సమస్య మీద డాక్టరేట్. వర్తకం, మనిషి, డబ్బు, మూడూ పట్టాడు. ఆ కులాల పేపరు మీరు గొప్ప గ్రంథం అనుకుంటారు గానీ అది క్లాసు కోసం రాసిందే! గోల్డెన్‌వైజర్ అనే ప్రొఫెసర్ క్లాసులో, పాతికేళ్ల మహర్ కుర్రాడు, కులం గుట్టంతా లోపలి పెళ్లిలో ఉందని విప్పి చూపించాడు. బల్ల మీద ఉండాల్సినవాడు బెంచీ మీద కూర్చుంటే అదే శాస్త్రం ఎవరి వైపు తిరుగుతుందో అక్కడ తెలుస్తుంది. కొలబద్ద వాళ్ల చేతిలో ఉంటే మన ముక్కు కొలుస్తారు. మన చేతికొస్తే వాళ్ల అగ్రహారం కొలుస్తాం.

గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది కదా అంటారు. 2014 విభజన చట్టంలో మాటిచ్చారు. 2019లో విజయనగరంలో, ఆంధ్రా యూనివర్సిటీ పాత పీజీ సెంటర్‌లో మొదలెట్టారు. సొంత కట్టడాలకి మెంటాడ, దత్తిరాజేరు మండలాల్లో శంకుస్థాపన చేసింది 2023 ఆగస్టులో. పేరేమో గిరిజనం, మొదలైందేమో మైదానం పట్నంలో. 2022 నుంచి కేంద్ర విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ సీటుకి దేశమంతటికీ ఒకే పరీక్ష. బడిలో కంప్యూటర్ ముట్టుకోని పిల్ల కంప్యూటర్ మీద పరీక్ష రాయడానికి కొండ దిగాలి. అయినా ఆ యూనివర్సిటీ మనది. దాన్ని వదిలేస్తే ఇంకొకరు కూర్చుంటారు. అక్కడ ఎంబిఏ ఉంది, అందులో జిసిసి లెక్కల పుస్తకం పాఠం కావాలి, సమత తీర్పు పాఠం కావాలి. పాఠం చెప్పే కుర్చీల్లో ఎస్సీ, ఎస్టీ పోస్టులు "అర్హులు దొరకలేదు" అని ఖాళీగా పెట్టడం ఏ యూనివర్సిటీలోనూ కుదరదని చెప్పాలి. అర్హులు దొరకలేదంటే అర్థం వెతకలేదని.

కార్యకర్తలకి రెండు పనులు చెబుతున్నాం. ఊరి మీద ఏ సర్వే, ఏ స్టడీ, ఏ రికార్డింగు జరిగినా ముందు గ్రామసభలో కూర్చుని మాట్లాడాలి. ఎందుకు, ఎవరి డబ్బుతో, రాసింది మాకెప్పుడిస్తారు, ఏ భాషలో ఇస్తారు? నాలుగు మాటలు కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకోండి. దురుసుగా ఉండక్కర్లేదు. వచ్చిన విద్యార్థుల్లో మన పిల్లలూ ఉంటారు.

రెండోది కాస్త కష్టం. విశాఖలో చదివే మన కుర్రాళ్లు, అమ్మాయిలు సెలవులకి ముందే యూనివర్సిటీ లైబ్రరీకి పోయి, అనంతగిరి, అరకు, పాడేరు ఊళ్ల మీద ఉన్న థీసిస్‌లు వెతకండి. మీ ఊరి పేరున్న పేజీలు రాసుకుని రండి. సంత రోజున పెద్దల్ని కూర్చోబెట్టి మన మాటల్లో చదివి వినిపించండి. "ఇది నిజమేనా?" అని అడగండి. తప్పున్నచోట పక్కనే దిద్దండి, వదిలేసిన చోట భూమి సంగతి, అప్పు సంగతి, గార్డు పెట్టిన కేసు సంగతి కలిపి రాయండి. దిద్దిన కాగితాలు మాకు పంపండి. ఈ పత్రికలో అచ్చేస్తాం.