లారీని దాటాలంటే ఎంత రోడ్డు కావాలి?

సెలవులలో అమ్మమ్మగారి ఊరికి బస్సులో పోయేటప్పుడు డ్రైవరు వెనక సీటు దొరికితే ఎంత సరదాగా ఉంటుందో మీకు తెలుసు. రోడ్డంతా మనదే అనిపిస్తుంది. అంతలో వడ్లబస్తాల లారీ ఒకటి ముందు అడ్డం తగులుతుంది. "ఏమయ్యా డ్రైవరూ, ఎంతసేపు దాని వెనకాలే పోతావు? దాటించరాదూ!" అని ఎవరో ఒకరు అననే అంటారు. డ్రైవరు హారను కొట్టి, బస్సును కుడిపక్కకు తిప్పుతాడు.

అప్పుడు మన బస్సు ఎవరి దారిలో ఉన్నదో ఆలోచించారా? మన దేశంలో బళ్ళు ఎడమపక్కన నడవాలి గదా! కనక, రోడ్డుకు రెండే దారులున్నచోట, లారీని దాటినంతసేపూ మనం ఎదురుగా వచ్చేవాళ్ళ దారిలో ఉంటాము. అది ఎంతసేపో లెక్క వేద్దాం.

లారీ గంటకు 40 కిలోమీటర్లు, బస్సు 60 కిలోమీటర్లు పోతున్నవనుకోండి. బస్సుకున్న హెచ్చువేగం 20 కిలోమీటర్లే. అంటే సెకండుకు అయిదున్నర మీటర్లకు కొంచెం పైన. బస్సు, లారీల పొడుగు కలిపి 20 మీటర్లు. దాటబోయే ముందు రెంటికీ మధ్య 15 మీటర్ల ఎడం, దాటిన తరవాత తిరిగి ఎడమకు రావటానికి మరో 15. మొత్తం 50 మీటర్లు. లారీకంటే ఇంత దూరం హెచ్చుగా పోవటానికి 9 సెకండ్లు పడుతుంది.

ఆ 9 సెకండ్లలో బస్సు 150 మీటర్లు పోతుంది. అంతేనా? ఎదురుగా ఒక కారు అదే వేగంతో వస్తుంటే, అదికూడా 150 మీటర్లు వస్తుంది! అంటే మొదట్లో ఆ కారు 300 మీటర్ల అవతల ఉండాలి. అప్పుడైనా తప్పిపోయేది వెంట్రుకవాసిలోనే. అంతకన్న దగ్గిరగా ఉంటే, తప్పుకుందామన్నా కుడిపక్క కాలవ, ఎడమపక్క లారీ!

లారీ 60, బస్సు 70 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దాటటానికి 18 సెకండ్లు పడుతుంది. అప్పుడు 650 మీటర్లు కావాలి. లారీవాడు పౌరుషానికి పోయి తానూ వేగం పెంచాడా, ఇక ఏ లెక్కా సాగదు. తనను మరొక బండి దాటుతుండగా వేగం పెంచరాదని 1989 నాటి రోడ్డు నిబంధనలలోనే ఉన్నది.

"ఎదుటి కారు కనిపిస్తూనే ఉంటుంది గదా?" అంటారేమో. కన్ను మోసం చేసేది ఇక్కడే. దూరాన ఉన్న బండి వేగాన్ని, అది కంటికి పెద్దదవుతున్న తీరునుబట్టి మనం పోల్చుకుంటాము. దూరం సగమైతే బండి రెండింతలుగా కనబడుతుంది. 300 మీటర్ల దూరాన ఉన్న కారు అలా రెండింతలు కావటానికి నాలుగున్నర సెకండ్లు పడుతుంది. మళ్ళీ రెండింతలు కావటానికి రెండుంపావు సెకండ్లు చాలు. కనక అది మొదట కదలనట్టే ఉండి, చివరకు మీదికి ఉరికినట్టుంటుంది. రాత్రిపూట మరీ కష్టం. ఒక దీపం ఆరిపోయిన లారీ దూరానికి మోటారుసైకిలులాగా కనబడుతుంది.

ఇక మలుపులలోనూ, మిట్ట ఎక్కేచోటా ఎదుటి బండి అసలే కనబడదు. అందుకే అటువంటి చోట్ల రోడ్డు నడుమ తెగకుండా గీత గీస్తారు. ఆ గీత దాటకూడదు.

ఇంతకూ ఆ లారీ వెనకనే రెండు కిలోమీటర్లు పోతే మనకు ఎంత ఆలస్యం? 40 వేగంతో 3 నిమిషాలు, 60 వేగంతో 2 నిమిషాలు. తేడా ఒక్క నిమిషం. అంతలో అమ్మమ్మ కళ్ళజోడు వెతుక్కుని గుమ్మందాకా కూడా వచ్చి ఉండదు.

మొదటి లెక్కలో ఎదుటి కారు 80 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే ఎంత రోడ్డు కావాలో మీరే వేసి చూడండి. 300 మీటర్లు మాత్రం చాలవు.