నిరీక్షణ అంటే చేతులు కట్టుకు కూర్చోవడం కాదు

పోయిన నెల ఒక సాయంత్రం మా పల్లె కుర్రాడొకడు మా అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు. ఇంటరు అయిపోయింది. డిగ్రీలో చేరాలో, మేస్త్రీ వెంట హైదరాబాదు పనికి పోవాలో తేలక తిరుగుతున్నాడు. ఆదివారం ఆరాధనలో డోలక్ వాయించేది వాడే. ఏప్రిల్ 14 వస్తే నీలం జెండాలు కట్టేదీ వాడే. చాలాసేపు ఏం మాట్లాడకుండా ఉండి, చివరికి అడిగాడు:

"మాస్టారూ, మీటింగుకి వస్తే 'ఇంకా ఆ పరలోకం కబుర్లు వదల్లేదేందిరా' అని అన్నలు నవ్వుతున్నారు. చర్చికి పోతే 'లోక సంబంధమైన సంగతులు నీకెందుకు' అని అయ్యగారు కసురుతున్నారు. నేను ఎటు పోవాల?"

మేము ఆ పూట సరైన జవాబు చెప్పలేకపోయాం. ఇది ఆ ఒక్క కుర్రాడి ప్రశ్న కాదు. కోస్తాలో ఏ మాలపల్లెకు పోయినా, ఏ మాదిగపల్లెకు పోయినా ఇదే ప్రశ్న అడిగే పిల్లలున్నారు. అందుకే నలుగురిలో పెట్టి మాట్లాడుతున్నాం.

ముందు మా సంగతి చెప్పాలి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి, గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేసిన వార్త పల్లెకు చేరినప్పుడు మేము అప్పుడప్పుడే హైస్కూల్లో అడుగుపెట్టాం. చీకటి పడకముందే పిల్లలు ఇంటికి రావాలని పెద్దోళ్ళు భయపడిన రోజులవి. ఆ తర్వాత నాలుగేళ్ళకు పదో తరగతి లెక్కల్లో తప్పాం. "మీకెందుకురా చదువులు, పొగాకు బ్యారన్ల దగ్గర పని లేదా" అన్నాడు ఒక పంతులు. ఆ మాట నిజమే అనుకుని బ్యారన్ల దగ్గరికే పోయాం. పగలంతా ఆకు మోయడం, రాత్రికి ఒళ్ళు పులిసిపోయి పడుకోవడం. ఇక ఇంతేనా అనిపించేది. దాచుకోవడమెందుకు, చచ్చిపోదామనే ఆలోచన కూడా వచ్చింది.

మా చర్చిలో సండే స్కూలు చెప్పే ఒక మామ్మ ఉండేది. మిషను బోర్డింగులో ఐదో తరగతి దాకా చదివిన మనిషి. ఆమె మమ్మల్ని పిలిచి ధైర్యం చెప్పలేదు, బుద్ధులూ చెప్పలేదు. "వచ్చే ఆదివారం వాక్యం నువ్వు చదవాల" అంది. అంతే.

ఆదివారం నిలబడి చదివాం. కాళ్ళు వణికాయి. ముందు వరుసలో చాప మీద మా అమ్మ, కొంగు తల మీద కప్పుకుని కూర్చుంది. ఆమెకు ఒక్క అక్షరం రాదు. మా నోట్లోంచి వచ్చే ప్రతి మాటకూ ఆమె పెదాలు కదిలాయి. చదవడం అయ్యాక సంఘపెద్ద లేచి, వాక్యం చదివినది ఫలానా గారు అని మా పేరు చెప్పాడు.

గారు! పదహారేళ్ళ కూలోడికి గారు! మా నాయన అరవై ఏళ్ళు బతికాడు. ఊళ్ళో ఆయన పేరు చివర 'గాడు' తప్ప ఇంకో మాట వినలేదు. గాడుకీ గారుకీ మధ్య ఒక్క అక్షరమే తేడా. ఆ అక్షరం దాటడానికి మన తాతముత్తాతలకు వందేళ్ళు పట్టింది.

ఆ ఏడాదే లెక్కల పరీక్షకు మళ్ళీ ఫీజు కట్టి రాశాం. పాసయ్యాం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనుషులమయ్యాం. దీన్ని అద్భుతం అని మేము అనం. ఒక ముసలామె మమ్మల్ని మనిషిగా లెక్కగట్టి నలుగురి ముందు నిలబెట్టింది. మాకు యేసు ఆ రూపంలో ఎదురొచ్చాడు. ఇంతకంటే పెద్ద సాక్ష్యం మా దగ్గర లేదు.

"అన్నం కోసం మతం మారినోళ్ళు" అని మనల్ని ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంటారు. పిల్లలకు దీని జవాబు తెలియాలి. యర్రగుంట్ల పేరయ్య అని ఒక మాదిగ, తోళ్ళ వ్యాపారం చేసుకునే మనిషి, 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాపురం పెట్టిందీ ఆ ఏడే. పేరయ్య అంతకుముందే దేవుణ్ణి వెతుక్కుంటూ గురువుల చుట్టూ తిరిగినవాడు. ఆ తర్వాత పల్లె పల్లెకూ నడిచి తన వాళ్ళకు చెప్పినవాడు. దొర ఒక్కడే వచ్చి మనల్ని మార్చేశాడనేది పేరయ్య లాంటి వాళ్ళను తుడిచేసే మాట.

1876-78లో పెద్ద కరువొచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత ముక్క కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి కూలి చూపించాడు. గింజల కోసం కలిశారన్న మాట రాకూడదని, కరువు పనులు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ పనులు ముగిశాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. గింజలు అయిపోయాక వచ్చినోళ్ళు గింజల కోసం వచ్చినట్టా?

లేచినోళ్ళు ఏం చేశారు? చచ్చిన గొడ్డు తినం అన్నారు. మీ జాతరకు డప్పు కొట్టం అన్నారు. ఆదివారం వెట్టికి రాం అన్నారు. డప్పు ఇవాళ మన ఉద్యమం గొంతు, కాని ఆనాడు అది వెట్టి. దానికి ఊరు వాళ్ళను కొట్టింది, దారులు మూసింది, పనులు మాన్పించింది. అయినా వెనక్కి పోలేదు. పరలోకం కోసమే అయితే ఇంత దెబ్బలు తినాల్సిన పని లేదు.

ఇప్పుడు ఒక మాట సంగతి. మన తెలుగు బైబిల్లో ఆశ అనాల్సిన చోట ఎక్కువగా 'నిరీక్షణ' అని ఉంటుంది. మామూలు తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూపు. మన గొడవంతా ఇక్కడే ఉంది. ఎదురుచూపులు రెండు రకాలు. బస్సు రాని రోడ్డు మీద చేతులు కట్టుకుని నిలబడినోడిదీ ఎదురుచూపే. దున్ని, విత్తి, గట్టు పోసి, మబ్బు వంక చూసే రైతుదీ ఎదురుచూపే. రెండోవాడు పని చేసి చూస్తున్నాడు. మామ్మ మాకు నేర్పింది రెండోది. మన చర్చిల్లో ఇవాళ ఎక్కువగా నేర్పుతున్నది మొదటిది.

అయ్యగార్లను అడుగుతున్నాం, కోపం తెచ్చుకోకండి. పల్లె కుర్రాణ్ణి ఊరోళ్ళు కొడితే "కేసులెందుకు, ప్రార్థన చేద్దాం" అని సర్దిచెప్పిన వాళ్ళు మీలో లేరా? స్వస్థత కూటాలకు మైకులు, షామియానాలు పెట్టించే సంఘం, తప్పిన పిల్లలకు రాత్రిబడి పెట్టడానికి గది ఇవ్వదెందుకు? మాల చర్చి, మాదిగ చర్చి అని వేరువేరుగా కట్టుకుని, ఒకే రొట్టె విరుస్తున్నామని చెప్పుకోవడానికి సిగ్గుండాలి కదా మనందరికీ? సమాజంలో జరిగే అన్యాయం మీద క్రైస్తవులు పోరాడలేదని బాబాసాహెబ్ విమర్శించాడు. ఆ విమర్శ ప్రతి చర్చిలోనూ ఒక ఆదివారం చదవాలి.

చర్చి వేరేగా ఉండగలదని చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. 1985 జూలై 17న కారంచేడులో అగ్రకుల భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. బతికినోళ్ళు చీరాలకు పరిగెత్తారు. తల దాచుకున్నది చర్చి ఆవరణలో. ఆ పోరాటంలోంచే అదే ఏడు సెప్టెంబరు 1న దళిత మహాసభ పుట్టింది. ఆ రోజు గేటు తెరుచుకోకపోతే? 'లోక సంబంధమైన సంగతులు మాకొద్దు' అని లోపల్నుంచి గడియ పెట్టుకుని ఉంటే?

ఉద్యమంలో ఉన్న అన్నలకూ ఒక మాట. మీరు నవ్వుతున్నది పరలోకాన్ని చూసి కాదు, మీ అమ్మను చూసి. ఊరు మొత్తం గాడు అన్నప్పుడు గారు అన్న చోటు అది. మతం అక్కర్లేదని బాబాసాహెబ్ అనలేదు. 1956 అక్టోబరు 14న నాగపూరులో లక్షల మందితో బౌద్ధం తీసుకున్నాడు. మనిషికి కూడూ గుడ్డా కావాలి, గౌరవంగా తలెత్తుకునే ధర్మమూ కావాలని ఆయనకు తెలుసు. ఆయన దారి నచ్చినోళ్ళు ఆ దారిన పోండి. చర్చి దారిలో ఉన్న కుర్రాణ్ణి తరిమేస్తే వాడు బుద్ధుడి దగ్గరికి రాడు, ఇంటికి పోయి తలుపేసుకుంటాడు.

దీనికి తోడు సర్కారు వేసిన మెలిక ఒకటుంది. మేము బడిలో అడ్మిషన్లు రాస్తాం. ఒక తల్లి బిడ్డను తీసుకొచ్చింది. మెడలో సిలువ దండ. మతం అనే గడి దగ్గర కలం ఆపి, "ఏం రాయమంటావమ్మా?" అని అడిగాం. ఆమె దండను జాకెట్లోకి దోపుకుని, "పిల్లోడికి ఏది మంచిదైతే అది రాయండయ్యా" అంది. ఆ చెయ్యి దండ మీదికి పోయిన తీరు మాకు ఇంకా కళ్ళలో ఉంది. ఆశ ఎక్కడ దొరికిందో చెప్పుకోవడానికి ఒక తల్లి భయపడింది.

భయం ఊరికే రాలేదు. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడంది. 1956లో సిక్కు దళితుల్ని, 1990లో బౌద్ధ దళితుల్ని కలిపారు. క్రైస్తవ దళితుల్ని, ముస్లిం దళితుల్ని బయటే ఉంచారు. ఆంధ్రప్రదేశ్‌లో దళిత క్రైస్తవుల్ని బీసీ-సి అన్నారు, ఇచ్చింది ఒక్క శాతం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మతం షరతు తీసేయమంది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో చేర్చమని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, మతం మారి పాస్టరుగా ఉన్న మనిషికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని తీర్పు చెప్పింది.

మతం మారితే కులం పోతుందట! 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువాకు పోయిందా? పోయుంటే 1941లో 'గబ్బిలం' రాసేవాడే కాదు. కొట్టేవాడు రిజిస్టరు చూసి కొట్టడు. బాప్తిస్మం నీళ్ళలో మన పాపాలు పోతాయేమో గాని, ఊరి కళ్ళలో ఉన్న కులం పోదు. అది ఊరు కడుక్కోవాల్సిన మురికి.

ఇక ఆ కుర్రాడికి జవాబు.

అబ్బాయ్, నువ్వు ఎటో ఒకవైపు పోనక్కర్లేదు. చర్చిలోనూ దాన్ని సంఘం అంటారు, ఉద్యమంలోనూ సంఘం అనే అంటారు. ఆ మాట ఊరికే కలవలేదు. రెండు చోట్లా మన వాళ్ళే కూర్చుంటారు, రెండు చోట్లా ఒకే చాపలు పరుస్తారు. డోలక్ వదలొద్దు, జెండా వదలొద్దు. హైదరాబాదు పని ఎక్కడికీ పోదు, ముందు డిగ్రీలో చేరు. అయ్యగారు కసిరితే ఎదురు తిరగమాక, వదిలి కూడా పోమాక. చర్చి గది రాత్రిబడికి ఇవ్వమని అడుగు. ఇవ్వకపోతే వచ్చే ఆదివారం మళ్ళీ అడుగు. నీ వెనక మేమూ వచ్చి అడుగుతాం. అన్నలు నవ్వితే మీ నాయనమ్మ కథ చెప్పు, నవ్వు ఆగుతుంది.

తల్లిదండ్రులకు చెప్పేదొకటే. పిల్లలు తప్పినా, పని దొరక్కపోయినా 'మన రాత ఇంతే' అనొద్దు. ఆ మాట మనది కాదు, మనల్ని తొక్కినోళ్ళు మన నోట్లో పెట్టింది. బిడ్డను నలుగురి ముందు నిలబెట్టి ఏదో ఒకటి చదివించండి. అది వాక్యం కావచ్చు, రాజ్యాంగం కావచ్చు, ఇదే పత్రిక కావచ్చు.

ఆ మామ్మ ఇప్పుడు లేదు. మా చర్చి వెనక సమాధుల దొడ్లో ఉంది. ఇప్పటికీ ఆదివారం చర్చి ముందు వేలాడే రైలు పట్టా ముక్క మోగితే మాకు ఆమె గొంతే వినపడుతుంది: 'వచ్చే ఆదివారం నువ్వు చదవాల'. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చి వేపచెట్టు కింద 1950 నాటి ఉత్తర్వును తెలుగులో గట్టిగా చదివించి, నలుగురం మాట్లాడుకోబోతున్నాం. చదివేది ఆ డోలక్ కుర్రాడే. చదవడం అయ్యాక వాడి పేరు చివర గారు చేర్చి పిలుస్తాం.

మీ పల్లెలో ఎవరు చదువుతారు?

జై భీమ్.