దొంగతనం నెత్తురులో పారుతుందా?

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఆమడగూరు రచ్చకట్ట మీదైనా, హైదరాబాద్ టీవీ చర్చలోనైనా ఇదే మాట. పిల్లాడు లెక్కల్లో తప్పితే తాత పోలిక. ఊళ్లో మేక పోతే ‘వాళ్ల జాతే అంత’. ఈమధ్య ఆ సామెతకు సైన్సు తోడైంది. నిన్నటిదాకా నెత్తురన్నవాళ్లు ఇప్పుడు డీఎన్ఏ అంటున్నారు.

వారసత్వం ఉత్తదేమీ కాదు. 1959లో సైబీరియాలో దిమిత్రి బెల్యాయెవ్ మనిషిని చూసి బెదరని వెండినక్కలనే ఏరి పిల్లలు పెట్టిస్తూ పోతే, కొన్ని తరాలకే అవి కుక్కల్లా తోకాడించాయి. కవలల అధ్యయనాలు కూడా మనిషి స్వభావంలో పుట్టుకకు వాటా ఉందనే చెబుతాయి. కానీ వాటా వేరు, తలరాత వేరు.

ఎలుకల కథ చూడండి. చిక్కుదారుల్లో చురుకైనవాటినీ మందమైనవాటినీ శాస్త్రవేత్తలు తరాలపాటు విడివిడిగా పెంచారు. 1958లో కూపర్, జూబెక్ వాటి పిల్లలను బోసి బోనుల్లో ఉంచితే చురుకు జాతి కూడా మందజాతిలాగే తడబడింది. ఆటవస్తువులున్న బోనుల్లో మందజాతి దాదాపు చురుకు జాతిని అందుకుంది.

ఆమడగూరు రైతుకు ఇది కొత్త సంగతేమీ కాదు. కదిరి పరిశోధన కేంద్రం ఇచ్చిన కె-6 వేరుశనగనే బోరు కింద వేస్తే చెట్టు నిండా కాయలు. ఊడలు దిగే వేళ వాన ముఖం చాటేసిన మెట్టచేలో పీకితే రెండో మూడో కాయలు, అందులో ఒకటి లొట్ట. అప్పుడు రైతు వానను తిడతాడు. మనిషి దగ్గరికొచ్చేసరికి మాత్రం విత్తనాన్నే తిడతాడు.

ఆ తిట్టే ఒకప్పుడు చట్టమైంది. వడ్రంగి కొడుకు వడ్రంగైతే దొంగ కొడుకు దొంగే అవుతాడన్న వాదంతో తెల్లదొరలు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీ మీదా పడింది. మన ఎరుకలవాళ్లు అప్పటిదాకా పశువుల మీద ఉప్పు, గింజలు మోసి ఊరూరా బేరం చేసేవారు. రైళ్లొచ్చాయి, ఉప్పు సర్కారు గుప్పిట్లోకి పోయింది, బేరం చచ్చింది. కూడు పోయిన సంగతిని పక్కనపెట్టి, దొంగబుద్ధి వంశంలోనే ఉందని రాసుకున్నారు. వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించారు. 1913లో వాళ్లను ఉంచడానికి బాపట్ల దగ్గర స్టూవర్టుపురం వెలిసింది, పెత్తనం సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థది.

ఇక్కడే అసలు తమాషా. అదే 1911 చట్టం పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి బడుల్లో పెట్టే అధికారం కూడా ఇచ్చింది. నేరం నెత్తురులో ఉంటే బడి ఏం చేస్తుంది? బడి మార్చగలిగితే నెత్తురు మాటెందుకు? చట్టం చేసినవాళ్లకే తమ సిద్ధాంతం మీద నమ్మకం లేదన్నమాట!

1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. ఊరి పేరును మాత్రం సినిమాలు వదల్లేదు: 1991లో ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’. బ్యాంకులకు కోట్లు ఎగ్గొట్టినవాళ్ల తాతముత్తాతల నెత్తురు గురించి మాత్రం ఎవరూ ఆరా తీయరు.