అదను దాటాక వచ్చే పార్సిల్

మిరప తోటలో తామర పురుగు కనిపించాక రైతు చేతిలో ఉండేవి రోజులే, వారాలు కావు. 2021-22లో నల్ల తామర పురుగు గుంటూరు, ఖమ్మం ప్రాంతాల తోటల్ని ఎలా ఊడ్చేసిందో చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. గత సీజన్‌లో మన సంఘం సభ్యుడొకరు, ఎకరంన్నర కౌలుకు తీసుకుని మిరప వేసిన రైతు, పాత స్ప్రేయర్ చెడిపోతే ఫోన్‌లో బ్యాటరీ స్ప్రేయర్ ఆర్డర్ పెట్టాడు. టౌన్‌లో షాపువాడు చెప్పిన ధర కంటే 900 రూపాయలు తక్కువ. నాలుగు రోజుల్లో ఇంటికి చేరుస్తామని యాప్‌లో ఉంది. డబ్బు ముందే కట్టాడు.

నాలుగో రోజు తేదీ మారింది. ఆరో రోజు మళ్లీ మారింది. ఎనిమిదో రోజు 'డెలివరీకి వచ్చాం, కస్టమర్ అందుబాటులో లేరు' అని మెసేజ్ వచ్చింది. ఆ రోజంతా అతను ఇంటి దగ్గరే ఉన్నాడు, ఫోన్ ఒక్కసారి కూడా మోగలేదు. పన్నెండో రోజు సరుకు వెనక్కి వెళ్లిపోయిందని చెప్పి డబ్బు ఖాతాలో వేశారు. యాప్‌లో మాత్రం 'మీ సమస్య పరిష్కారమైంది' అని పచ్చ అక్షరాలతో కనిపించింది.

ఈ మధ్యలో అతను రెండుసార్లు పవర్ స్ప్రేయర్ అద్దెకు తెచ్చుకున్నాడు. మొదటిసారి దొరికేసరికే వారం దాటింది. అద్దె ఎవరివ్వాలి? వారం ఆలస్యంగా కొట్టిన మందు వల్ల రాలిన పూత లెక్క ఎవరి ఖాతాలో రాయాలి? కస్టమర్ కేర్‌ను అడిగితే 'మీ పూర్తి సొమ్ము రీఫండ్ చేశాం సార్' అని ఒకే మాట. పట్నంలో చెప్పుల జత వారం ఆలస్యమైతే చికాకు. పల్లెలో స్ప్రేయర్ గానీ, విత్తనం గానీ, బోరు మోటారు స్టార్టర్ గానీ వారం ఆలస్యమైతే పంట పోతుంది. ఆన్‌లైన్ అంగళ్లు ఈ రెంటినీ ఒకే గాటన కడుతున్నాయి. మన అభ్యంతరం అక్కడే.

ఆన్‌లైన్‌లో కొనొద్దని చెప్పడానికి ఈ సంపాదకీయం రాయడం లేదు. ఊరి షాపు ఏమంత ధర్మంగా నడుస్తోందని? యూరియా బస్తా కావాలంటే అక్కర్లేని మందు డబ్బా లింకు పెట్టి అంటగట్టడం, బిల్లు అడిగితే మొహం చిట్లించడం, అప్పు ఇచ్చాడు కాబట్టి పంటా తనకే అమ్మాలనడం మనకు తెలియనివి కావు. ఫోన్‌లో నాలుగు ధరలు పోల్చి చూసుకునే అవకాశం రైతుకు నిజంగానే బలం. కానీ షాపువాడు మోసం చేస్తే మర్నాడు వెళ్లి గల్లా ముందు నిలబడి అడగొచ్చు. యాప్‌లో అడగడానికి మనిషే దొరకడు. అందుకే అక్కడ మన హక్కులేమిటో కొనేముందే తెలిసి ఉండాలి.

2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020 జూలై 23న కేంద్రం ఇ-కామర్స్ నియమాలు తెచ్చింది. వాటిలో రైతుకు అన్నిటికంటే పనికొచ్చేది ఇది. సరుకు లోపభూయిష్టమైనా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా, చెప్పిన గడువు దాటి వచ్చినా, వెనక్కి తీసుకోననడానికీ డబ్బు తిరిగి ఇవ్వననడానికీ అమ్మకందారుకు వీల్లేదు. విత్తనాల ప్యాకెట్ల కింద 'ఈ వస్తువు వాపసు తీసుకోబడదు' అని రాసి ఉంటుంది కదా, అది చూసి చాలామంది నోరు మూసుకుంటున్నారు. మనసు మార్చుకున్నవాళ్లకు ఆ మాట వర్తిస్తే వర్తించవచ్చు. నకిలీ సరుకుకు, గడువు తప్పిన సరుకుకు అది అడ్డు కాదు. ఆలస్యం విషయంలో ఒక్క మినహాయింపు మాత్రం ఉంది, మనిషి చేతిలో లేని విపత్తు వల్ల జరిగితే ఈ నియమం వర్తించదు. కంపెనీలు ఈ సందును బాగానే వాడుకుంటాయి. వాన పడిందంటే చాలు, అది విపత్తే అంటాయి. జూన్‌లో వాన పడుతుందని తెలిసే రైతు విత్తనం కొంటాడు, అది తెలిసే వాళ్లూ తేదీ ఇస్తారు. రోడ్డు తెగిపోయిన వరద వేరు, మామూలు తొలకరి వేరు.

ప్రతి ఇ-కామర్స్ సంస్థకూ ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. ఫిర్యాదుకు టికెట్ నంబరు ఇవ్వాలి. అమ్మేవారి పేరు, చిరునామా కొనుగోలుదారుకు కనిపించాలి. 'మేం మధ్యవర్తులం మాత్రమే, అమ్మింది ఎవరో' అనే మాట ప్రతిసారీ చెల్లదు. ఐఎస్ఐ ప్రమాణాలు లేని ప్రెషర్ కుక్కర్లు తమ వేదికపై అమ్మనిచ్చినందుకు 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అమెజాన్‌కు లక్ష రూపాయల జరిమానా వేసింది. అమ్ముడైన 2,265 కుక్కర్ల విషయంలో కొన్నవాళ్లకు తెలియజేసి, వాటిని వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వాలని ఆదేశించింది. కుక్కర్‌కు ఉన్న జవాబుదారీతనం విత్తనానికి లేకుండా పోతుందా?

ఇక్కడ కంపెనీల వకీళ్లు ఒక వాదన తెస్తారు. రైతు విత్తనం కొన్నది పండించి అమ్ముకోవడానికి, అది వ్యాపారం, కాబట్టి అతను వినియోగదారుడు కాడు అని. ఈ వాదన ఎప్పుడో ఓడిపోయింది, ఓడించింది మన రైతులే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు నాసిరకం విత్తనాలపై వేసిన కేసుల్లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, విత్తన చట్టం ఉందని వినియోగదారుల ఫోరం తలుపు మూయలేమని 2012 జనవరిలో కోర్టు తీర్పు చెప్పింది. పరీక్షకు నమూనా దాచలేదన్న సాకునూ ఒప్పుకోలేదు. కొన్న విత్తనమంతా నేలలో చల్లే రైతు దగ్గర నమూనా ఎక్కడ మిగులుతుంది? స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం కొన్నది వాణిజ్య అవసరం కిందికి రాదని ఇప్పటి చట్టంలోనూ ఉంది, ఆన్‌లైన్ కొనుగోలు కూడా కొనుగోలేనని స్పష్టంగా రాశారు. అయితే తిరిగి అమ్మడానికి కొన్నవారికి ఇది వర్తించదు. రైతు ఉత్పత్తిదారుల సంస్థలు సభ్యులకు అమ్మడానికి టోకున కొనేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి. అలాగే కొంచెం డిస్కౌంటు వస్తుందని యాప్‌లో 'బిజినెస్ అకౌంట్' తెరిచి సొంత పొలానికి సరుకు కొనకండి. రేపు అవతలి వాడి వకీలుకు మనమే వాదన అందించినట్టవుతుంది.

కౌలు రైతులకు ప్రత్యేకంగా ఒక మాట. బ్యాంకు రుణానికీ, పెట్టుబడి సాయానికీ అడిగినట్టు ఇక్కడ పట్టాదారు పాస్ పుస్తకం అడగరు. కొన్నది మీరైతే, బిల్లు మీ పేరున ఉంటే మీరే వినియోగదారు. కాబట్టి కొడుకు స్నేహితుడి ఫోన్ నుంచో, మరొకరి ఖాతా నుంచో ఆర్డర్ పెట్టకుండా మీ పేరునే పెట్టించండి.

సరుకు ధర తిరిగి వచ్చినంత మాత్రాన మన హక్కు ముగిసిపోదు. లోపం వల్ల జరిగిన నష్టానికి పరిహారం ఇప్పించే అధికారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఉంది. కంపెనీ బెంగళూరులో ఉన్నా, అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా మనం నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. రెండేళ్లలోపు వేయాలి. ఒకే రకంగా నష్టపోయిన పదిమంది రైతులు కమిషన్ అనుమతితో ఒకే ఫిర్యాదుగా వెళ్లొచ్చు, సంఘం పని అక్కడే మొదలవుతుంది. మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతున్నా వాస్తవంలో అంతకంటే చాలా ఎక్కువ పడుతుందన్నది దాచాల్సిన సంగతి కాదు. అందుకే ముందు జాతీయ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. చాలా తగాదాలు కేసు దాకా పోకుండానే తెగుతాయి.

ఆధారం లేని ఫిర్యాదు ఎక్కడా నిలవదు. ఆర్డర్ పెట్టిన రోజునే యాప్‌లో చూపిన డెలివరీ తేదీని స్క్రీన్‌షాట్ తీయండి, ఎందుకంటే తేదీ మారాక పాతది కనిపించదు. పార్సిల్ విప్పేటప్పుడు ఇంట్లో పిల్లల చేత వీడియో తీయించండి. సరుకు చేతికి రాకుండా ఓటీపీ చెప్పకండి. డెలివరీ కుర్రాడు తొందరపెడతాడు, పాపం అతనికీ రోజుకు ఇన్ని పార్సిళ్లని లెక్క ఉంటుంది, అయినా చెప్పకండి. విత్తనం, మందు అయితే ఖాళీ ప్యాకెట్, లేబుల్, లాట్ నంబరు పంట చేతికొచ్చే దాకా పారేయకండి. మొలక రాకపోతే మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుని, పొలం తనిఖీ చేయించండి. దున్నేశాక తనిఖీకి ఏమీ మిగలదు.

పురుగుమందుల సంగతి ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. 2022 నవంబరులో నిబంధనలు సవరించి ఆన్‌లైన్ అమ్మకానికి దారి తెరిచారు. లైసెన్సు ఉన్నవాళ్లే అమ్మాలి, ఆ లైసెన్సు సరైనదో కాదో సరిచూసే బాధ్యత ఇ-కామర్స్ సంస్థదే. విత్తనం అమ్మడానికీ లైసెన్సు కావాలి, కొన్నవారికి బిల్లు ఇవ్వాలి. పేరున్న కంపెనీ మందు సగం ధరకు కనిపిస్తే సంతోషించే ముందు అమ్మేవాడి పేరు చదవండి. అనుమతి లేని కలుపు తట్టుకునే పత్తి విత్తనం ఏ పేరుతో వచ్చినా ఏ కమిషనూ మనల్ని ఆదుకోలేదు. ఆలస్యమైన పార్సిల్ కోసం ఎదురుచూసేవాళ్లకే 'అడ్రస్ సరిచేయడానికి ఐదు రూపాయలు కట్టండి' అని లింకు వస్తోంది. దాన్ని నొక్కి డబ్బు పోగొట్టుకుంటే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఇక మన డిమాండు. యూపీఐలో దుకాణదారుకు కట్టిన డబ్బు ఖాతాలోంచి పోయి అవతలికి చేరకపోతే ఐదు రోజుల్లో తిరిగి వేయాలని, ఆ పైన రోజుకు 100 రూపాయల చొప్పున ఖాతాదారుకు చెల్లించాలని 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. ఎవరూ అడగకుండానే పడాల్సిన పరిహారం అది. బ్యాంకు ఆలస్యానికి ధర కట్టినప్పుడు విత్తనం, మందు, స్ప్రేయర్, మోటారు సామాన్ల ఆలస్యానికి ఎందుకు కట్టకూడదు? వ్యవసాయ ఉపకరణాలకు ఇ-కామర్స్ నియమాల్లో ప్రత్యేక నిబంధన చేర్చాలి. ఇచ్చిన తేదీ దాటితే రోజుకు ఇంత అని పరిహారం రైతు ఖాతాలో దానంతటదే పడాలి. రాకుండానే వచ్చామని రాసిన ప్రతి డెలివరీకీ ఫోన్ కాల్ రికార్డు చూపించే బాధ్యత కంపెనీదే కావాలి. లాట్ నంబరు, పరీక్ష తేదీ, అమ్మకందారు లైసెన్సు నంబరు ఆర్డర్ పెట్టే ముందే తెలుగులో కనిపించాలి. మారుమూల పిన్‌కోడ్‌కు పది రోజులు పడుతుందంటే పది రోజులనే రాయనివ్వండి, రైతు వేరే దారి చూసుకుంటాడు. నాలుగని చెప్పి పన్నెండు చేయడమే నేరం.

ఇవి మనకూ వర్తిస్తాయని మరిచిపోవద్దు. బంగినపల్లి పెట్టెలు, బియ్యం, చిరుధాన్యాలు నేరుగా పట్నం ఇళ్లకు పంపే రైతులు మనలో పెరుగుతున్నారు. తేదీ చెప్పి పంపకపోతే, పండు కుళ్లి చేరితే కొన్నామె అడిగే హక్కు మనం అడుగుతున్న హక్కే.

మిరప రైతు కాగితాలు సంఘం ఆఫీసులో ఉన్నాయి. మారిన మూడు తేదీల్లో రెంటికి స్క్రీన్‌షాట్లున్నాయి, 'అందుబాటులో లేరు' మెసేజ్ ఉంది, పవర్ స్ప్రేయర్ అద్దెకిచ్చిన రైతు రసీదు రాసిచ్చాడు. అద్దె, తిరుగుడు ఖర్చు, పంట నష్టం కలిపి ఈ నెలలోనే జిల్లా కమిషన్‌లో దాఖలు చేస్తున్నాం. ఇలాంటి ఆర్డర్ల బిల్లులు, మెసేజ్‌లు ఉన్న సభ్యులు వాటిని మండల కమిటీకి అందజేయాలి.