బ్రోచర్‌లో 20, బండిలో 12: కాంపాక్ట్ ఎస్‌యూవీ మైలేజీ లెక్క ఎక్కడ తేడా కొడుతోంది?

జుమా నమాజు అయ్యాక మస్జిద్ గేటు దగ్గర ఎవరిదైనా కొత్త బండి కనిపిస్తే ముందు ముబారక్ చెప్తాం. ఆ వెంటనే అడిగేది ఒక్కటే: ‘ఎంతిస్తది భాయ్?’ బండి కొన్నాయన మొదటి నెలలో షోరూంలో విన్న అంకెనే తిరిగి చెప్తాడు. ఆరు నెలలయ్యాక అదే మనిషిని అడిగి చూడండి. ‘సిటీలో పదకొండు, పన్నెండు వస్తే గొప్ప’ అంటాడు. కంపెనీవాళ్లు మోసం చేశారా, బంకులో కొలత తగ్గించారా, పెద్దబ్బాయి బండిని ఉరికిస్తున్నాడా అని ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది.

ఈ మూడింట్లో ఏదీ కాకపోయినా తేడా వస్తుంది. ఎందుకంటే బ్రోచర్‌లో అంకె పుట్టిన చోటు వేరు, మనం బండి నడిపే చోటు వేరు.

మన దేశంలో కార్ల మైలేజీని పరీక్షించే సంస్థల్లో పుణెలోని ఏఆర్ఏఐ ముఖ్యమైనది. అందుకే సేల్స్ కుర్రాళ్లు ‘ఏఆర్ఏఐ మైలేజీ’ అంటుంటారు. మానేసర్‌లోని ఐక్యాట్ కూడా ఈ పని చేస్తుంది. అక్కడ బండిని రోడ్డెక్కించరు. గదిలో రోలర్ల మీద నిలబెట్టి చక్రాలు తిప్పుతారు. ఏ సెకనులో కదలాలి, ఎప్పుడు ఆగాలి, ఎంత వేగం అందుకోవాలి అన్నదంతా ముందే రాసిపెట్టి ఉంటుంది. మొత్తం పరీక్ష 1180 సెకన్లు, అంటే ఇరవై నిమిషాలు కూడా నిండవు. అందులో 780 సెకన్లు సిటీ పేరుతో, మిగతా 400 సెకన్లు హైవే పేరుతో నడుస్తాయి. గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు. గది చల్లగా ఉంటుంది, 20 నుంచి 30 డిగ్రీల మధ్య. ఖాళీ బండి బరువుకి దాదాపు ఇద్దరు మనుషుల బరువు కలిపి లెక్క వేస్తారు. ఎంత ఇంధనం కాలిందో సైలెన్సర్‌లోంచి వచ్చే పొగను కొలిచి తేలుస్తారు. ఇదంతా జరిగినంతసేపూ ఏసీ ఆపేసి ఉంటుంది.

ఇప్పుడు మన బండి సంగతి చూడండి. మే నెల, బయట 42 డిగ్రీలు. మెహదీపట్నంలో బయల్దేరి చార్మినార్ దాటి చాంద్రాయణగుట్టలో వలీమాకి వెళ్తున్నాం. వెనక సీట్లో అమ్మీ, ఖాలా, ఒళ్లో పిల్లలు. డిక్కీ నిండా సామాను. ఏసీ నాలుగో నంబర్లో ఉంది. సిగ్నల్ పడితే మూడుసార్లు ఆకుపచ్చ వచ్చినా మన వంతు రాదు. బండి ఆగి ఉన్నా ఇంజన్ తాగుతూనే ఉంటుంది, కిలోమీటర్లు మాత్రం కదలవు. రంజాన్‌లో ఇఫ్తార్‌కి అరగంట ముందు టోలిచౌకిలో ఇరుక్కున్నవాళ్లకి ఇది విడిగా చెప్పక్కర్లేదు. అలాంటి పది నిమిషాలు ఆ రోజు సగటును మొత్తం కిందికి లాగేస్తాయి.

ఏసీ సంగతి ఇన్నేళ్లకి ప్రభుత్వం దృష్టికి వచ్చింది. ఏసీ వేసి కూడా పరీక్ష చేసి ఆ లెక్క కూడా చెప్పాలని కేంద్ర రోడ్డు రవాణా శాఖ ముసాయిదా తెచ్చింది. 2026 అక్టోబర్ 1 నుంచి అమలు చేయాలన్నది అందులోని ప్రతిపాదన. ఎండాకాలం ఏసీ లేకుండా కారు నడిపేవాళ్లు మన దగ్గర ఎంతమంది ఉన్నారని అడిగితే ఇది ఎప్పుడో జరగాల్సిన పని. అయినా మంచిదే.

కాంపాక్ట్ ఎస్‌యూవీలకి ఈ తేడా మామూలు చిన్న కార్లకంటే ఎందుకు ఎక్కువగా తగులుతుందన్నది మనవాళ్లు అంతగా పట్టించుకోని విషయం. మొదటి కారణం వాటి ఆకారం. ఎత్తుగా, ముందు భాగం గోడలా నిటారుగా ఉంటాయి. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు దాని వర్గం లెక్కన పెరుగుతుంది. గంటకు 90 దగ్గర ఉన్న గాలి అడ్డుతో పోలిస్తే 120 దగ్గర అది 78 శాతం ఎక్కువ. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డులో 2023 నుంచి కార్లకి 120 వరకూ అనుమతి ఉంది. పరీక్ష మాత్రం 90 దగ్గరే ఆగిపోతుంది. అంటే ఎత్తైన బండికి అసలు కష్టం మొదలయ్యే చోట పరీక్ష అయిపోతుంది. ఔటర్ మీద 120లో వెళ్లి ‘హైవేలో కూడా మైలేజీ రాలేదు’ అని బాధపడేవాళ్లు ఒకసారి 85, 90 మధ్య నడిపి చూడాలి. తేడా వాళ్లకే తెలుస్తుంది.

రెండో కారణం పన్ను. పొడవు 4 మీటర్ల లోపు, పెట్రోల్ ఇంజన్ 1200 సీసీ లోపు, డీజిల్ అయితే 1500 సీసీ లోపు ఉంటే చిన్న కారు కింద లెక్క. 2025 సెప్టెంబర్ 22 నుంచి అలాంటి వాటికి జీఎస్టీ 18 శాతం, అంతకు మించితే 40 శాతం. అంతకుముందు సెస్ ఉన్న రోజుల్లోనూ ఈ గీతే ఉండేది. అందుకే కంపెనీలు బరువైన ఎత్తైన బాడీని 4 మీటర్లలో కుదించి, 1 లీటరో 1.2 లీటర్లో ఉన్న చిన్న ఇంజన్‌కి టర్బో తగిలించి ఇస్తున్నాయి. నెక్సాన్, వెన్యూ, ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ లాంటివి ఈ గీత లోపలే పుట్టాయి. బ్రెజా పొడవు 4 మీటర్ల లోపే ఉన్నా పెట్రోల్ ఇంజన్ 1.5 లీటర్లు కాబట్టి దానికి ఈ రాయితీ రాదు. టర్బో చిన్న ఇంజన్ పరీక్ష గదిలో మెల్లగా తిరుగుతున్నప్పుడు తక్కువ తాగుతుంది. ఐదుగురు ఎక్కి, ఏసీ వేసి, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ నొక్కితే అదే ఇంజన్ పెద్ద ఇంజన్‌లా తాగుతుంది. టర్బో మంచిది కాదని నేననను, ఓవర్‌టేక్ చేసేటప్పుడు దాని బలం ప్రాణం కాపాడుతుంది. కానీ మైలేజీ కోసం టర్బో కొంటున్నామని అనుకుంటే అది పొరపాటు.

అంకెలు ఎలా ఉంటాయో రెండు మూడు చూద్దాం. 2022లో వచ్చిన బ్రెజా ఆటోమేటిక్‌కి కంపెనీ చెప్పిన మైలేజీ లీటరుకు 19.80. 2024 క్రెటాకి 1.5 పెట్రోల్ మాన్యువల్‌లో 17.4, డీజిల్ మాన్యువల్‌లో 21.8. గ్రాండ్ విటారా, హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకైతే 27.97. క్రెటా, విటారా, హైరైడర్‌లు 4 మీటర్లు దాటినవే అయినా జనం నోట్లో అన్నీ ‘కాంపాక్ట్’లే. వీటిలో హైబ్రిడ్ కథ కొంచెం వేరు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, మెల్లగా పాకుతున్నప్పుడు ఇంజన్ ఆగిపోయి బ్యాటరీ నడిపిస్తుంది కాబట్టి సిటీలో మిగతా బండ్లంత దెబ్బ తినదు. 28 రాదు, కానీ 20 పైన రావడం మామూలే. ధర మాత్రం మామూలు పెట్రోల్ మోడల్‌కంటే లక్షల్లో ఎక్కువ. రోజుకు 20 కిలోమీటర్లు తిరిగే ఇంటికి ఆ తేడా పెట్రోల్‌లో తిరిగి రావడం కష్టం. క్యాబ్ నడిపేవాళ్లకి, సేల్స్ పనిమీద ఊళ్లు తిరిగేవాళ్లకి వస్తుంది.

ఇంటి బడ్జెట్‌లో ఇది ఎంత అవుతుందో లెక్క వేద్దాం. నెలకు 1000 కిలోమీటర్లు, లీటరు 107 రూపాయలు అనుకోండి. బ్రోచర్‌లో ఉన్న 19.80 వస్తే ఏడాదికి సుమారు 64,800 రూపాయలు. సిటీలో నిజంగా వచ్చేది 13 అయితే 98,800. తేడా ఏడాదికి 34 వేలు, ఐదేళ్లకి 1 లక్షా 70 వేలు. దుబాయ్‌లోనో జిద్దాలోనో పనిచేస్తూ తమ్ముడు పంపిన డబ్బుతో అబ్బాజాన్ కోసం బండి కొన్న ఇల్లు ఈ 34 వేలు ఎక్కడా రాసుకోలేదు. వడ్డీ వద్దనుకుని అప్పు చేయకుండా, ఏళ్ల తరబడి కూడబెట్టి నగదుతో కొన్నవాళ్లకి కూడా ఇది నెలనెలా కిస్తీలాగే తగులుతుంది.

మీ దగ్గర పాత బండి ఉంటే ఇంకో లెక్క కూడా ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌కంటే మూడో వంతు తక్కువ. ఈ20 కోసం తయారుకాని పాత కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. కొత్తగా ఈ20కి ట్యూన్ చేసిన బండ్లలో ఇది 1, 2 శాతానికి మించదని లెక్క. మనలో సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లే ఎక్కువ. 2017 మోడల్ కొంటూ అప్పటి బ్రోచర్ అంకె చూసి మురిసిపోతే రెండు వైపులా నష్టం.

తూకంలో తక్కువ ఇచ్చేవాళ్ల గురించి ఖురాన్‌లో ఒక సూరానే ఉంది, సూరా ముతఫ్ఫిఫీన్. తడిసిన ధాన్యాన్ని కుప్ప అడుగున పెట్టిన వ్యాపారిని ప్రవక్త (స) ప్రశ్నించిన హదీసు చాలామంది జుమా ఖుత్బాలో విన్నదే. కారు కంపెనీ అబద్ధం చెప్పలేదు, నిజమే. ‘పరీక్ష పరిస్థితుల్లో’ అని బ్రోచర్ అడుగున చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. కానీ జనం చూసేలా తడి గింజలు పైన పెట్టమన్నదే కదా ఆ హదీసులో సంగతి. పైగా ఈ అంకె ప్రకటనలకి మాత్రమే పనికొచ్చేది కాదు. కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు కార్బన్ డయాక్సైడ్ కిలోమీటరుకు 113 గ్రాముల దగ్గర ఉండాలని 2022-23 నుంచి కేంద్రం నిబంధన పెట్టింది. దాన్ని తేల్చేది కూడా ఈ గది పరీక్షే. కాబట్టి రోడ్డు మీద బాగుండటంకంటే గదిలో బాగుండటం కంపెనీకి ఎక్కువ లాభం. నా మటుకు నేను తప్పు కంపెనీలకంటే పరీక్షదే ఎక్కువ అంటాను.

పరీక్ష మార్చితే అంతా సరిపోతుందా? యూరప్ 2017లో పాత పద్ధతి వదిలి డబ్ల్యూఎల్‌టీపీ అనే కొత్త పరీక్షకి మారింది. అక్కడి కొత్త కార్లలో నిజంగా ఎంత ఇంధనం కాలిందో నమోదు చేసే మీటరు తప్పనిసరి చేశారు. 2021లో రిజిస్టరైన కార్ల లెక్క తీసి 2024 మార్చిలో యూరోపియన్ కమిషన్ చెప్పింది ఏంటంటే, పెట్రోల్ కార్లు అధికారిక లెక్కకంటే 23.7 శాతం, డీజిల్ కార్లు 18.1 శాతం ఎక్కువ తాగుతున్నాయి. మన దేశంలోనూ 2027 ఏప్రిల్ నుంచి ఆ పద్ధతికి మారాలనే ప్రతిపాదన ఉంది. తేడా తగ్గుతుంది, పోదు. అమెరికాలో 2008 మోడల్ నుంచి స్టిక్కర్ మీద అంకె కోసం ఐదు రకాల పరీక్షలు లెక్కలోకి తీసుకుంటున్నారు. వాటిలో ఒకటి 35 డిగ్రీల వేడిలో ఏసీ వేసి చేసేది. డాలస్‌లోనో షికాగోలోనో ఉన్న మన బంధువులు స్టిక్కర్ అంకెకి దగ్గరగా వస్తోందని చెప్పడానికి కారణం ఇదే. అక్కడ కూడా మైలేజీ ఎక్కువ చేసి చెప్పినందుకు హ్యుందాయ్, కియా 2014లో 10 కోట్ల డాలర్ల జరిమానా ఒప్పుకున్నాయి.

మన దగ్గర కోర్టుకి వెళ్లి గెలిచినవాళ్లూ ఉన్నారు. 2004లో జెన్ కారు కొన్న ఒకాయన, ప్రకటనలో 16 నుంచి 18 అన్నారు, నాకు 10.2 మాత్రమే వస్తోందని కేసు వేశారు. లక్ష రూపాయల పరిహారాన్ని జాతీయ వినియోగదారుల కమిషన్ 2024 జనవరిలో ఖాయం చేసింది. కేరళలోని త్రిస్సూర్‌లో ఫోర్డ్ కారు కొన్నావిడకి 32 వస్తుందని చెప్పారు. కోర్టు నియమించిన నిపుణుడు నడిపి చూస్తే 19.6 వచ్చింది. మొత్తం 3 లక్షల 10 వేలు ఇవ్వాలని 2022లో జిల్లా కమిషన్ తీర్పు చెప్పింది. మొదటి కేసు తేలడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టిందన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. రెండు కేసుల్లోనూ ఆధారం కంపెనీ ప్రకటనే. కాబట్టి బ్రోచర్, వాట్సాప్‌లో సేల్స్ కుర్రాడు పంపిన మెసేజ్, కొటేషన్ పారేయకండి. సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లో ఫీజు కూడా ఉండదు. కొత్త ఎస్‌యూవీలు ఆ ధరకి రావనుకోండి, అది వేరే మాట.

డ్యాష్‌బోర్డు మీద కనిపించే సగటును కూడా పూర్తిగా నమ్మొద్దు, అది తరచూ ఒకటి రెండు ఎక్కువే చూపిస్తుంది. ట్యాంకు నుంచి ట్యాంకు లెక్కే సరైనది. బంకులో గన్ తనంతట తాను ఆగేదాకా కొట్టించండి, ఆ తర్వాత ఒక్క చుక్క కూడా వద్దు. ట్రిప్ మీటరు సున్నా చేయండి. 300, 400 కిలోమీటర్లు మామూలుగా తిరిగి, అదే బంకులో మళ్లీ గన్ ఆగేదాకా కొట్టించండి. తిరిగిన కిలోమీటర్లని రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే అదే మీ బండి మైలేజీ. మూడు నాలుగుసార్లు ఇలా చేసి నోట్‌బుక్‌లో రాసుకోండి. కొలత మీద అనుమానం ఉంటే 5 లీటర్ల కొలపాత్రతో కొట్టి చూపించమని అడిగే హక్కు మీకుంది, ప్రతి బంకులోనూ అది ఉండాలి. టైర్లలో గాలి కూడా చూసుకోండి.

ఇంకా కొనని వాళ్లు టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కరే వెళ్లకండి. ఇంట్లో నలుగురినీ ఎక్కించుకుని, ఏసీ వేసి, రోజూ తిరిగే రోడ్డులోనే సాయంత్రం ఆరు గంటలకి నడపండి. బయల్దేరే ముందు ట్రిప్ మీటరు సున్నా చేయించండి. మధ్యలో సేల్స్ కుర్రాడు ఏసీ తగ్గించబోతే వద్దనండి.